వెండి చెప్పే చరిత్ర: తొలి మధ్యయుగ నాణేలు, ఆభరణాల లోహ విశ్లేషణ

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వెండి మిశ్రమలోహంలో ఏ లోహాలు ఉంటాయో, అవి ఎందుకు ఉంటాయో చెప్పగలుగుతారు.
• పాత వెండి వస్తువులను పరీక్షించే ముఖ్య పద్ధతులను, వాటి పరిమితులను వివరించగలుగుతారు.
• క్రీ.శ. 660-880 మధ్య పశ్చిమ ఐరోపా నాణేల వెండి ఎక్కడి నుంచి వచ్చిందో, దానివల్ల చరిత్రకారుల అభిప్రాయాలు ఎలా మారాయో చర్చించగలుగుతారు.
• లిఖిత ఆధారాన్ని, లోహ ఆధారాన్ని పక్కపక్కన పెట్టి పరిశీలించడం అలవరచుకొంటారు.

1.1 విషయ పరిచయం

మీ ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి వెండి గిన్నె ఒకటి ఉందనుకొందాం. దాన్ని అమ్మడానికి తీసుకొని వెళితే వ్యాపారి దాని నగిషీని చూసి ధర కట్టడు. గీటురాయి మీద గీసి చూస్తాడు, లేదా కొద్దిగా కరిగించి చూస్తానంటాడు. ఇందులో వెండి ఎంత, కలిపింది ఎంత అన్నదే అతని ప్రశ్న. చరిత్రకారుడు కూడా అదే ప్రశ్న వేస్తాడు. దానికి మరొక ప్రశ్న జోడిస్తాడు: ఈ వెండి ఏ గనిలో పుట్టింది? గిన్నె కాకముందు అది ఏ రూపంలో ఉండేది?

తొలి మధ్యయుగ చరిత్రకు ఈ ప్రశ్నలు చాలా ముఖ్యమైనవి. ఆ కాలంలో రాసినవారు ఎక్కువగా మఠాల్లోని సన్యాసులు, రాజుల కొలువులోని లేఖకులు. ఏ రాజు ఎవరిని ఓడించాడు, ఏ బిషప్ ఎప్పుడు చనిపోయాడు అన్నవి వారు శ్రద్ధగా రాశారు. సంతలో చేతులు మారిన వెండి ఎక్కడి నుంచి వచ్చిందన్నది వారికి రాయదగిన విషయంగా తోచలేదు. వారు వదిలేసిన సంగతిని లోహం కొంతవరకు దాచి ఉంచింది. దాన్ని ఎలా రాబట్టాలో, రాబట్టినదాన్ని ఎంతవరకు నమ్మాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

1.2 వెండిలో వెండి కానివి

స్వచ్ఛమైన వెండి మెత్తగా ఉంటుంది. అందువల్ల నాణేలకు, నగలకు దానిలో రాగి కలపడం ప్రాచీన కాలం నుంచి ఉన్న పద్ధతి. కౌటిల్యుని అర్థశాస్త్రం వెండి నాణెంలో నాలుగో వంతు రాగి, దానితోపాటు ఇనుము, తగరం, సీసం, అంజనం వంటి వాటిలో ఏదో ఒకటి స్వల్పంగా ఉండాలని చెప్పింది. కాబట్టి కలపడమంతా కల్తీ కాదు. ప్రకటించిన పాళ్ళలో కలిపితే అది ప్రమాణం. ప్రకటించకుండా పాళ్ళు మారిస్తే అది కల్తీ. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

రాగిని మనిషి కావాలని కలుపుతాడు. వెండిలో ఎవరూ కావాలని కలపనివి కూడా ఉంటాయి. వెండి ఎక్కువగా సీసపు ముడిఖనిజంతో కలిసి దొరుకుతుంది. ఆ ఖనిజాన్ని కరిగించి, వచ్చిన సీసాన్ని గాలి తగిలేటట్లు బాగా వేడి చేస్తే సీసం ఆక్సైడుగా మారి విడిపోతుంది, వెండి మిగులుతుంది. దీన్నే కుపెలేషన్ అంటారు. ఈ శుద్ధి ఎంత బాగా చేసినా కొంచెం సీసం, కొన్ని ఖనిజాల విషయంలో కొంచెం బిస్మత్ మిగిలిపోతాయి. బంగారం అసలు విడిపోదు. ముడిఖనిజంలో ఉన్న బంగారం వెండితోనే ప్రయాణం చేస్తుంది. ఈ స్వల్ప పాళ్ళే గని ఆచూకీని చెప్పే గుర్తులు.

సీసం మరొక ఆధారాన్ని కూడా ఇస్తుంది. ప్రకృతిలోని సీసంలో 204, 206, 207, 208 అనే నాలుగు ఐసోటోపులు ఉంటాయి. చివరి మూడింటిలో కొంత భాగం యురేనియం, థోరియంల క్షయం వల్ల ఏర్పడింది. ఖనిజ నిక్షేపం ఎప్పుడు, ఎలాంటి శిలల్లో ఏర్పడిందన్న దాన్ని బట్టి ఈ నాలుగింటి నిష్పత్తి మారుతుంది. కరిగించినా, శుద్ధి చేసినా ఆ నిష్పత్తి మారదు. అందువల్ల నాణెంలోని సీసాన్ని గనుల్లోని సీసంతో పోల్చి చూడవచ్చు.

1.3 పరీక్షా పద్ధతులు

మొదటి పద్ధతి సాంద్రతను కొలవడం. బంగారం సాంద్రత సుమారు 19.3, వెండిది 10.5, రాగిది 9కి కొంచెం తక్కువ. బంగారానికీ వెండికీ మధ్య తేడా చాలా ఎక్కువ. అందువల్ల బంగారు నాణేల మేలిమిని నీటిలో తూచి చెప్పవచ్చు. వెండికీ రాగికీ మధ్య తేడా తక్కువ కాబట్టి వెండి నాణేల విషయంలో ఈ పద్ధతి అంత కచ్చితంగా ఉండదు.

రెండోది ఎక్స్‌కిరణ ప్రతిదీప్తి పద్ధతి. వస్తువు మీద ఎక్స్‌కిరణాలు పడినప్పుడు ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన కిరణాలను తిరిగి వెలువరిస్తుంది. వాటిని బట్టి ఏ మూలకం ఎంత ఉందో లెక్కిస్తారు. వస్తువుకు హాని జరగదు కాబట్టి మ్యూజియంలు ఈ పద్ధతిని ఇష్టపడతాయి. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ కిరణాలు పై పొరను మాత్రమే చూస్తాయి.

పై పొర అబద్ధం చెప్పగలదు. మన ఇళ్ళలో నల్లబడిన రాగి, ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమడం మీకు తెలుసు. చింతపండులోని ఆమ్లం లోహం పైన ఏర్పడిన రాగి ఆక్సైడును కరిగిస్తుంది. రాగి కలిసిన వెండి బిళ్ళను వేడి చేసి ఆమ్లంలో ముంచినా ఇదే జరుగుతుంది. పైనున్న రాగి పోయి, వెండి ఎక్కువగా ఉన్న తెల్లని పొర మిగులుతుంది. టంకసాల పనివారికి ఈ కిటుకు బాగా తెలుసు. నాణెం శతాబ్దాలపాటు నేలలో ఉన్నప్పుడు తేమ కూడా ఇదే పని చేస్తుంది. అందువల్ల పైపైన కొలిస్తే సగం రాగి ఉన్న నాణెం కూడా మంచి వెండిలా కనిపించవచ్చు.

దీనికి పరిష్కారం లోపలికి వెళ్ళడం. వెనుకటి పరిశోధకులు నాణెం అంచును కొద్దిగా గీకేవారు, లేదా సన్నని రంధ్రం చేసేవారు. ఇప్పుడు లేజర్ కిరణంతో కంటికి కనిపించనంత చిన్న గుంటలు చేసి, వెలువడిన రేణువులను మాస్ స్పెక్ట్రోమీటరుతో పరీక్షిస్తున్నారు. మూలకాల పాళ్ళతోపాటు సీసపు ఐసోటోపుల నిష్పత్తి కూడా దీనివల్ల తెలుస్తుంది. నాణెం మాత్రం చెక్కుచెదరకుండా తిరిగి మ్యూజియానికి చేరుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. కలపడానికీ కల్తీకీ తేడా ఏమిటి?
2. వెండి నాణెం పై పొరను మాత్రమే పరీక్షిస్తే ఎలాంటి పొరపాటు జరగవచ్చు?

1.4 బంగారం నుంచి వెండికి (క్రీ.శ. 660-820)

ఇప్పుడు పద్ధతి నుంచి చరిత్రకు వద్దాం. రోమన్ సామ్రాజ్యం పశ్చిమాన కూలిన తరువాత ఫ్రాంకులు, ఆంగ్లో-సాక్సన్లు చిన్న బంగారు నాణేలు ముద్రించేవారు. 7వ శతాబ్దంలో వాటిలో బంగారం క్రమంగా తగ్గి వెండి పెరిగింది. 660-680 ప్రాంతంలో బంగారు నాణేలు దాదాపు పోయి, సుమారు ఒక గ్రాము పైచిలుకు తూగే వెండి నాణేలు వచ్చాయి. ఇవి ఇంగ్లండ్, ఉత్తర ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో చలామణీ అయ్యాయి.

బెల్జియం చరిత్రకారుడు హెన్రీ పిరెన్ గురించి మీరు చదివే ఉంటారు. ఆయన మరణానంతరం 1937లో వెలువడిన గ్రంథంలోని వాదం ఇది: అరబ్బుల విజయాలతో మధ్యధరా వాణిజ్యం తెగిపోయింది, పశ్చిమ ఐరోపా తనలోకి తాను ముడుచుకొంది, బంగారం పోయి వెండి రావడం దానికి ఒక గుర్తు. ఈ వాదం మీద దశాబ్దాలుగా చర్చ నడిచింది. అయితే ఒక మౌలిక ప్రశ్నకు చాలాకాలం గట్టి జవాబు దొరకలేదు. ఇంత వెండి ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చింది? పశ్చిమ ఫ్రాన్స్‌లోని మెల్ అనే చోట సీసం-వెండి గనులు ఉన్నాయి. కాబట్టి అక్కడి నుంచే వచ్చి ఉంటుందని కొందరు భావించారు.

జేన్ కెర్షా, స్టీఫెన్ మెర్కెల్, రోరీ నైస్మిత్ అనే పరిశోధకులు కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్న 49 నాణేలను పైన చెప్పిన లేజర్ పద్ధతిలో పరీక్షించారు. ఫలితాలు 2024లో ఆంటిక్విటీ పత్రికలో వెలువడ్డాయి. నాణేలు స్పష్టంగా రెండు వర్గాలుగా విడిపోయాయి.

మొదటి వర్గం 660-750 మధ్య ముద్రించిన నాణేలు. వీటి వెండిలో బంగారం సుమారు అర శాతం నుంచి రెండు శాతం వరకు ఉంది. మెల్ గని వెండిలో బంగారం దాదాపు ఉండదు. సీసపు ఐసోటోపులు కూడా పశ్చిమ ఐరోపాలో తెలిసిన గనులకు సరిపోలేదు. అవి సరిపోయింది తూర్పు మధ్యధరా ప్రాంతపు వెండికి, అంటే బైజాంటియన్ సామ్రాజ్యపు వెండికి.

బైజాంటియన్ వెండి ఇంగ్లండుకు ఎలా చేరింది? దీనికి ఒక ప్రసిద్ధ సాక్ష్యం మన ముందు ఉంది. 1939లో తూర్పు ఇంగ్లండులోని సటన్ హూ వద్ద ఒక ఓడ సమాధిని తవ్వారు. 7వ శతాబ్ది తొలి దశాబ్దాలకు చెందిన ఆ సమాధిలో 72 సెంటీమీటర్ల వ్యాసం గల పెద్ద వెండి పళ్ళెం దొరికింది. దాని అడుగున చక్రవర్తి మొదటి అనస్తాసియస్ (491-518) కాలపు అధికార ముద్రలు ఉన్నాయి. అంటే సమాధిలో పెట్టేనాటికే ఆ పళ్ళెం వయస్సు ఒక శతాబ్దం. ఇలాంటి పాత్రలు కానుకలుగా, రాజకీయ చెల్లింపులుగా, వాణిజ్యంలో భాగంగా పశ్చిమానికి వచ్చి, రాజుల, ప్రభువుల, చర్చిల భాండాగారాల్లో తరతరాలు ఉండిపోయాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఆ పళ్ళెం బరువు ఐదు కిలోలకు పైగా ఉంటుంది. అలాంటిది ఒకటి కరిగించి, ఒక్కొక్కటి 1.2 గ్రాముల చొప్పున నాణేలు చేస్తే నాలుగు వేలకు పైగా నాణేలు వస్తాయి. విందులో అతిథుల ముందు ప్రదర్శించే ఒక వస్తువు నాలుగు వేల చేతుల్లోకి వెళుతుంది.

ఈ పరిశోధన అసలు ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. 660 తరువాత తూర్పు నుంచి కొత్తగా వెండి ప్రవహించిందని ఇది చెప్పడం లేదు. అంతకుముందు ఎప్పుడో వచ్చి, పెట్టెల్లో దాగిన సొమ్ము ఇప్పుడు బయటికి వచ్చిందని పరిశోధకుల వివరణ. అలాగైతే తొలి వెండి నాణేలను కేవలం పతనానికి గుర్తుగా చూడలేం. సంత విస్తరిస్తోంది, చిన్న చెల్లింపులకు డబ్బు కావాలి, అందుకోసం పెద్దలు తమ నిల్వ సంపదను కరిగించారు. అదే లోహం గౌరవ చిహ్నంగా ఉన్నది మారకపు సాధనంగా మారింది. ఇది ఆర్థిక చరిత్రలో పెద్ద మలుపు.

ఇలాంటిది బైజాంటియంలోనూ జరిగింది. పర్షియన్లతో యుద్ధం చేయడానికి చక్రవర్తి హెరాక్లియస్ 622లో చర్చిల విలువైన పాత్రలను తీసుకొని నాణేలు ముద్రించాడని థియోఫనీస్ అనే చరిత్రకారుడు రాశాడు. అక్కడ రాతలో ఉన్న సంగతి పశ్చిమాన లోహంలో మాత్రమే మిగిలింది.

రెండో వర్గం 750-820 మధ్య నాణేలు. వీటిలో బంగారం పాలు తగ్గుతూ వచ్చింది. కొన్నిటిలో 0.01 శాతం కూడా లేదు. ఇది మెల్ గని గుర్తు. షార్లమేన్ సుమారు 793లో నాణేలను సంస్కరించి బరువైన వెండి నాణెం ప్రవేశపెట్టాడు. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ ఈ కొత్త నాణేలను అందరూ అన్నిచోట్లా స్వీకరించాలని శాసించింది. శాసనం మనకు ముందే తెలుసు. ఆ శాసనం వెనుక గని ఉందన్నది లోహం తెలిపిన సంగతి. కొన్ని నాణేల్లో బంగారం పాలు మధ్యస్థంగా ఉండటం, కొత్త గని వెండిని పాత వెండితో కలిపి కరిగించారని తెలియజేస్తోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 660-750 మధ్య నాణేల వెండి మెల్ గనిది కాదని చెప్పడానికి రెండు కారణాలు రాయండి.
2. ఈ పరిశోధన పిరెన్ వాదాన్ని మనం చూసే తీరును ఎలా మారుస్తుంది?

1.5 కల్తీ, యుద్ధం, సంస్కరణ

మూలం తరువాత మేలిమిని పరిశీలిద్దాం. 865లో వైకింగుల మహాసైన్యం ఇంగ్లండులో దిగింది. తరువాతి పదేళ్ళలో మెర్షియా, వెసెక్స్ రాజ్యాలు యుద్ధాలకు, వైకింగులతో సంధి కొనుక్కోవడానికి వెండి ధారపోశాయి. మెర్షియా రాజు బర్‌గ్రెడ్ (852-874), వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ ఒకే నమూనాలో నాణేలు ముద్రించారు. 870 ప్రాంతానికి వచ్చేసరికి ఈ నాణేల్లో వెండి ఐదో వంతు కంటే తక్కువకు పడిపోయినవి ఉన్నాయని మెట్‌కాఫ్, నార్తోవర్ 1985లో ప్రచురించిన విశ్లేషణ చూపింది. చూపుకు అది వెండి నాణెం. చేతిలో ఉన్నది ఎక్కువగా రాగి. ఆ భారం చివరికి ధాన్యం అమ్మి నాణెం పుచ్చుకొన్న రైతు మీద పడింది.

875 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ మంచి వెండి నాణేలను తిరిగి ప్రవేశపెట్టాడు. ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, మెర్షియాలో బర్‌గ్రెడ్ తరువాత రాజైన రెండో కియోల్‌ఉల్ఫ్ కూడా అదే నమూనాలో నాణేలు ముద్రించాడు. 2015లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్టన్ వద్ద దొరికిన నిక్షేపంలో ఇద్దరి నాణేలూ కలిసి ఉన్నాయి. కొన్నిటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్న రోమన్ బొమ్మ ఉంది. ఆల్‌ఫ్రెడ్ పక్షాన రాసిన ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ మాత్రం కియోల్‌ఉల్ఫ్‌ను వైకింగులు నిలబెట్టిన తెలివితక్కువ ఉద్యోగిగా తీసిపారేసింది. ఒకే సంస్కరణను కలిసి నడిపిన ఇద్దరు రాజుల్లో ఒకరిని తరువాతి రాత చెరిపేసింది. నాణెం చెరపలేదు. గెలిచినవారు రాయించిన గ్రంథాన్ని చదివేటప్పుడు ఈ ఉదాహరణను గుర్తుచేసుకోండి.

1.6 ఒక ఆభరణం కథ

నాణెం మీద రాజు పేరు ఉంటుంది. ఆభరణం మీద సాధారణంగా ఏ పేరూ ఉండదు. అది అసలుదేనా అన్న సందేహం తీర్చడం మరింత కష్టం. బ్రిటిష్ మ్యూజియంలోని ఫుల్లర్ బ్రోచ్ దీనికి మంచి ఉదాహరణ. ఇది వస్త్రానికి పెట్టుకొనే గుండ్రని వెండి పతకం. 9వ శతాబ్ది చివరి భాగానికి చెందినది. దీని మీద చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ అనే ఐదు ఇంద్రియ జ్ఞానాలను మనుషుల రూపంలో చెక్కారు. వెయ్యేళ్ళనాటి వస్తువు ఇంత చెక్కుచెదరకుండా ఉండటం చూసి, 20వ శతాబ్దంలో నిపుణులు ఇది నకిలీ అని తేల్చారు.

ఆ నిందను పోగొట్టింది గీతల్లో నింపిన నల్లని పదార్థం. దీన్ని నీయెల్లో అంటారు. వెండి మీద బొమ్మ స్పష్టంగా కనబడటానికి గంధకంతో చేసిన ఈ నల్లని పొదుగును వాడతారు. తొలి మధ్యయుగంలో దీన్ని వెండి సల్ఫైడుతో చేసేవారు. తరువాతి శతాబ్దాల పనివారు సులభంగా కరగడానికి రాగి, సీసం కూడా కలిపారు. పరీక్షలో ఈ పతకంలోని పొదుగు పాత పద్ధతిదేనని తేలింది. ఆధునిక నకిలీదారునికి ఆ పాత పద్ధతి తెలిసే అవకాశం తక్కువ. 1952లో బ్రిటిష్ మ్యూజియం ఈ పతకాన్ని సంపాదించింది. నేడు అది ఆంగ్లో-సాక్సన్ కళకు ప్రధాన ఉదాహరణల్లో ఒకటి.

1.7 లోహ ఆధారానికి పరిమితులు

ఇంతవరకు చదివి, ప్రయోగశాల చెప్పిందే తుది తీర్పు అనుకోకండి. మూడు పరిమితులు ఉన్నాయి.

మొదటిది, వెండి మళ్ళీ మళ్ళీ కరుగుతుంది. మూడు గనుల వెండి ఒకే మూసలో కలిస్తే వచ్చే ఐసోటోపు నిష్పత్తి ఆ మూడింటిలో దేనికీ చెందదు. అది అనుకోకుండా నాలుగో గనిని పోలి ఉండవచ్చు కూడా.

రెండోది, శుద్ధి చేసేటప్పుడు బయటి సీసం కలపవచ్చు. అప్పుడు మనం కొలుస్తున్నది వెండి పుట్టిన గనిని కాదు, సీసం పుట్టిన గనిని. అందుకే ఐసోటోపులతోపాటు బంగారం పాలును కూడా చూడాలి. రెండు సాక్షులు ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది.

మూడోది, లోహం ఎక్కడిదో చెబుతుంది గాని, ఎందుకు వచ్చిందో చెప్పదు. పళ్ళెం కానుకగా వచ్చిందా, దోపిడీలో వచ్చిందా అన్నది లోహంలో రాసి ఉండదు. దానికి మళ్ళీ శాసనాలు, గ్రంథాలు, తవ్వకాలే ఆధారం.

1.8 భారత చరిత్ర విద్యార్థికి ఉపయోగం

ఈ చర్చ ఐరోపాకే పరిమితం కాదు. తొలి మధ్యయుగ భారతదేశంలో నాణేలు కరువయ్యాయనీ, వాణిజ్యం క్షీణించిందనీ, భూస్వామ్య వ్యవస్థ బలపడిందనీ ఆర్.ఎస్. శర్మ 1965లో వాదించారు. దీన్ని మీరు మరొక పాఠంలో వివరంగా చదువుతారు. ప్రతీహార రాజు భోజుని ఆదివరాహ నాణేల వంటివి వెండి తక్కువ, రాగి ఎక్కువ ఉన్న నాసిరకపు నాణేలుగా కనిపిస్తాయి. అయితే జాన్ డెయెల్ 1990లో ప్రచురించిన గ్రంథంలో ఉత్తర భారత నాణేల మేలిమిని, నిక్షేపాల పరిమాణాన్ని కలిపి పరిశీలించి వేరే అభిప్రాయానికి వచ్చారు. వెండి సరఫరా తక్కువ, నాణేల అవసరం ఎక్కువ. ఉన్న కొద్ది వెండిని ఎక్కువ నాణేలకు సర్దారు. అందువల్ల మేలిమి తగ్గడమే వాణిజ్యం తగ్గిందనడానికి రుజువు కాదని ఆయన వాదం.

మెర్షియాలో మేలిమి పడిపోవడం యుద్ధకాలపు సంక్షోభానికి గుర్తు. ఉత్తర భారతంలో అదే పడిపోవడం డబ్బు అవసరం పెరిగినందుకు గుర్తు కావచ్చు. అంకె ఒక్కటే, అర్థాలు రెండు. ప్రయోగశాల మనకు అంకెను ఇస్తుంది. ఆ అంకెకు అర్థం చెప్పే బాధ్యత చరిత్రకారునిది. రేపు ఆ బాధ్యత మీది.

1.9 సారాంశం

వెండిలోని రాగి పాలనా విధానాన్ని, స్వల్ప పాళ్ళలో ఉన్న బంగారం, సీసం, బిస్మత్ లోహపు మూలాన్ని తెలుపుతాయి. పై పొర మోసం చేస్తుంది కాబట్టి లోపలి లోహాన్ని పరీక్షించాలి. 660-750 మధ్య వాయవ్య ఐరోపా నాణేలు నిల్వ ఉన్న బైజాంటియన్ వెండి నుంచి, షార్లమేన్ కాలపు నాణేలు ఎక్కువగా మెల్ గని వెండి నుంచి తయారయ్యాయి. ఆల్‌ఫ్రెడ్, కియోల్‌ఉల్ఫ్‌ల నాణేలు గ్రంథం దాచిన సహకారాన్ని బయటపెట్టాయి. ఫుల్లర్ బ్రోచ్‌ను దాని నల్లని పొదుగు నిందనుంచి తప్పించింది. లోహ ఆధారం బలమైనదే, కానీ అది ఒంటరిగా చరిత్ర కాదు.

1.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తొలి మధ్యయుగ పశ్చిమ ఐరోపాలో బంగారు నాణేల స్థానంలో వెండి నాణేలు రావడాన్ని లోహ విశ్లేషణ ఆధారంగా చర్చించండి.
2. నాణేల మేలిమి తగ్గడం ఆర్థిక క్షీణతకు రుజువు అవుతుందా? ఐరోపా, భారతదేశాల ఉదాహరణలతో పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సీసపు ఐసోటోపుల విశ్లేషణ, దాని పరిమితులు.
2. ఫుల్లర్ బ్రోచ్ అసలుదని ఎలా తేలింది?